మసే మన రిపోర్టు

ఈరోజు పొద్దున పదకొండు గంటల వేళ, గన్‌ఫౌండ్రీలో ఒక బ్యాంకు మీది మూడో అంతస్తు గదిలో, నలుగురు యువ ఇంజనీర్ల ముందు నేనొక అబద్ధం చెప్పాను. కొత్తది కాదు. ఇరవై ఏళ్ల కిందట ఒక ఎంక్వైరీలో చెప్పినదే. ఎంతగా అలవాటైపోయిందంటే, అడిగిన వెంటనే, నా పేరు చెప్పినంత తేలిగ్గా నోట్లోంచి వచ్చేసింది.

ఆ నలుగురూ డీజిల్ రైలింజన్ పొగగొట్టంలోంచి వృథాగా పోయే వేడితో కరెంటు తీయాలని పనిచేస్తున్నారు. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు మా డీజిల్ షెడ్డులో అలాంటి ప్రయత్నమే జరిగిందని ఎవరో చెప్పారట. వెతుక్కుంటూ వచ్చి పిలిచారు. వాళ్లకు పెద్ద శ్రావణి. వయసు ముప్పై లోపే ఉంటుంది. ప్రశ్న అడిగాక జవాబు పూర్తయ్యేదాకా కళ్లు పక్కకు తిప్పదు.

“సార్, మీ పరికరం టెస్టులో బాగా పనిచేసిందన్నారు కదా. మరి ఎందుకు ఆపేశారు?” అంది.

“పలకల మీద మసి పట్టింది. తుడవాల్సిన ఫిట్టర్ తుడవలేదు. ఒకరోజు గొట్టంలో మంట లేచింది. పైవాళ్లు ఆపేయమన్నారు,” అన్నాను.

శ్రావణి లేచి బోర్డు మీద ఎర్ర మార్కరుతో రాసింది: కారణం, ఫిట్టర్ నిర్లక్ష్యం. పక్కనున్న కుర్రాడికి హుషారు వచ్చింది. “అయితే ఫిట్టర్ తుడిచాడో లేదో కనిపెట్టే సెన్సార్ పెడదాం. తుడవకపోతే సూపర్‌వైజర్ ఫోనుకి మెసేజ్ పోతుంది,” అన్నాడు. అందరూ బాగుందన్నారు. నేనూ తల ఊపాను. ఇచ్చిన టీ తాగి మెట్లు దిగాను.

అబిడ్స్ సర్కిల్ దగ్గర రోడ్డు దాటడానికి నిలబడి, సిగ్నల్ రెండుసార్లు పడినా దాటలేకపోయాను. ఆ ఎర్ర అక్షరాలే కళ్లముందున్నాయి. ఇన్నాళ్లూ ఆ మాట ఒక పాత ఫైల్లో, ఎవరూ తెరవని బీరువాలో ఉంది. ఈరోజు దాన్ని నేనే బయటికి తీసి, ఏ పాపమూ తెలియని పిల్లల చేత గోడమీద రాయించి వచ్చాను.

ఇంటికొచ్చి, భోజనం చేయకుండా ఇది రాయడానికి కూర్చున్నాను. ఆ నలుగురి కోసం, వాళ్లలాగే ఈ పనిలోకి వచ్చేవాళ్ల కోసం. నా ప్రమోషన్లు, సన్మానాల సంగతి ఇందులో ఉండదు. ఆ ఫిట్టర్ పేరు నర్సింగ్. ముందు అతని గురించి తెలియాలి. అంతకంటే ముందు ఆ వేడి గురించి.

వేడి ఎక్కడికి పోతుంది

మా నాన్నగారు యాభైల చివర, అప్పటి రాష్ట్రం ఏర్పడ్డ కొత్తలో, గుంటూరు నుంచి గుమాస్తాగా హైదరాబాదుకి వచ్చారు. నేను పుట్టి పెరిగింది నాంపల్లిలో, స్టేషన్‌కి కూతవేటు దూరంలో. ఇంజన్ చప్పుడు వింటూ అన్నం తిన్నవాణ్ణి కాబట్టి రైల్వేలో ఉద్యోగం రాగానే ఇంజన్లన్నీ నాకు తెలుసనే అనుకున్నాను. తెలియదని చెప్పింది నర్సింగే.

డీజిల్ ఇంజన్‌లో కాల్చిన నూనెలో సుమారు మూడో వంతే బండిని లాగడానికి పనికొస్తుంది. ఇంకో మూడో వంతు దాకా వేడి పొగతో కలిసి గొట్టం గుండా ఆకాశంలోకి పోతుంది. మిగిలినది ఇంజన్‌ని చల్లబరిచే నీళ్లలోకి, ఆయిల్లోకి పోతుంది. ఆకాశంలోకి పోయే దాంట్లో కొంతయినా పట్టుకోవాలన్నది ఆలోచన. దీనికి ఒకరకం పలకలున్నాయి. అరచేతిలో పట్టేంత ఉంటాయి. ఒక ముఖం వేడిగా, రెండో ముఖం చల్లగా ఉంటే చాలు, వాటిలోంచి కరెంటు వస్తుంది. తిరిగే చక్రం లేదు, అరిగే బేరింగ్ లేదు. వాటిని పొగగొట్టం లోపల వరసగా బిగించి, వెనకవైపు నీళ్లు తిప్పి, వచ్చే కరెంటుతో కేబిన్ లైట్లు, ఫ్యాన్లు, బ్యాటరీ నడపాలనుకున్నాం.

విన్నవాళ్లందరికీ నచ్చే ఆలోచన. నాకూ నచ్చింది. ఆలోచన ఎంత బాగుంటే, దానిలో లోపం చెప్పేవాడి మీద అంత కోపం వస్తుంది. ఇది నేను అనుభవించి చెబుతున్నమాట.

ఆగేటప్పటి చప్పుడు

నర్సింగ్ పాత హైదరాబాదు మనిషి. మా షెడ్డులో ఫిట్టర్. నాకంటే నాలుగేళ్లు పెద్ద. నేను సూపర్‌వైజర్‌గా చేరిన మొదటి ఏడాది ఒక ఇంజన్‌ని అన్నీ చూసి, లైనుకి పంపొచ్చని సంతకం పెట్టాను. ఇంజన్ ఆపారు. ఆపాక కూడా పైన టర్బో, అంటే పొగ జోరుకి తిరిగి ఇంజన్‌లోకి గాలి కొట్టే చక్రం, కొంతసేపు తిరుగుతూనే ఉంటుంది. దాని ఈల సన్నబడుతూ సన్నబడుతూ ఆగిపోతుంది. నర్సింగ్ కళ్లు మూసుకుని అది వింటున్నాడు.

“సారు, గీ ఇంజన్ పంపకున్రి,” అన్నాడు.

“ఎందుకు? గేజీలన్నీ సరిగా ఉన్నాయి కదా.”

“గేజీ నడిచేటప్పటి సంగతి చెప్తది. గిది ఆగేటప్పుడు చెప్తున్నది. ఇనున్రి. మోకాళ్ల నొప్పులున్న ముసలామె మెట్లు దిగినట్టు దిగుతున్నది.”

విప్పి చూస్తే బేరింగ్ గీతలు పడి ఉంది. లైను మీదికి పోయి ఉంటే దారిలో టర్బో విరిగేది. వారం తర్వాత మెచ్చుకుంటూ ఉత్తరం వచ్చింది, నా పేరున. నర్సింగ్‌కి చూపించాను. ఇంగ్లీషులో ఉండటంతో నా చేత చదివించుకుని, “మంచిగున్నది సారు. ఫ్రేము కట్టిచ్చుకోన్రి,” అన్నాడు. నేను నిజంగానే కట్టించుకున్నాను. చాలా ఏళ్లు మా ముందుగదిలో ఉండేది.

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. తర్వాత జరిగినదంతా ఇక్కడే మొదలైందని ఇప్పుడు అర్థమవుతోంది. అతని చెవి, నా సంతకం. ఆ ఏర్పాటు నాకు బాగా సౌకర్యంగా కుదిరింది.

తోముడు

పలకలు బిగించిన గొట్టాన్ని యార్డులో బోగీలు సర్దే ఒక ఇంజన్‌కి పెట్టాం. పైన నాలుగు బోల్టుల మూత ఉండేది, విప్పి చూడటానికి. పగలు యార్డు పని, సాయంత్రం షెడ్డుకి రాగానే నర్సింగ్ మూత విప్పి రీడింగులు తీసేవాడు. ఒక పొడవాటి నోట్‌బుక్కు పెట్టాడు. తేదీ, ఇంజన్ ఎన్ని గంటలు పనిచేసింది, ఎన్ని గంటలు ఊరికే నడుస్తూ నిలబడింది, ఎంత కరెంటు వచ్చింది. ప్రతి పేజీ చివర, పలక మీద వేలు రాసి, ఆ మసివేలు కాగితం మీద అద్దేవాడు. మొదటి పేజీల్లో బూడిదరంగు మరక. పోనుపోను నల్లగా, జిడ్డుగా, కాగితానికి అటువైపు కూడా కనిపించేంతగా.

కారణం అతనే కనిపెట్టాడు. యార్డు ఇంజన్ రోజులో ఎక్కువసేపు సిగ్నల్ కోసమో, బోగీల కోసమో నిలబడే ఉంటుంది. ఆపితే మళ్లీ స్టార్టు కాదేమోనన్న భయంతో డ్రైవర్లు ఆపరు. అలా ఊరికే నడిచే ఇంజన్‌లో పొగ వేడి తక్కువ. పైగా సరిగా కాలని ఆయిల్ పొగతో కలిసి పైకి వచ్చి పలకల మీద పేరుకుంటుంది. ఆ మసి పలకకి దుప్పటి కప్పినట్టే. వేడి లోపలికి తగలదు. మూడో వారానికి కేబిన్‌లో ఒక్క బల్బు కూడా సరిగా వెలిగేది కాదు.

అప్పుడు ఇన్‌స్పెక్షన్ వచ్చింది. ఇన్‌స్పెక్షన్ అంటే మా షెడ్లలో ఒక ఆచారం ఉంది. రాళ్లకు సున్నం, రెయిలింగులకు రంగు, నేలమీది నూనె మరకల మీద ఇసుక. ఎవరూ చెప్పక్కర్లేదు, చేతులే ఆ పని చేసుకుపోతాయి. ముందురోజు మధ్యాహ్నం నేను నర్సింగ్ దగ్గరికి వెళ్లాను.

“ఆ పలకలు తోమించు. రేపు పెద్దసార్లు వస్తున్నారు.”

“తోమొద్దు సారు.”

“ఏం?”

“తోమితే మూడు వారాల కష్టం తుడిచే కాటన్ వేస్టుల పోతది. గీ మసే మన రిపోర్టు సారు. గిదే సూపెడదాం. గిట్ల పడుతున్నది, పలకల నడుమ సందులు జర పెద్దగ జెయ్యాలె, తుడువనీకి పక్కపొంటి తలుపు పెట్టాలె అని చెప్పుదాం.”

“ఇంటికి చుట్టాలొస్తుంటే నువ్వు చీపురు పట్టవా నర్సింగ్?”

“వచ్చేది చుట్టాలు గాదు గదా సారు, డాక్టర్లు. డాక్టర్ దగ్గరికి పోయేటప్పుడు జ్వరం ఇంట్ల దాచిపెట్టి పోతమా?”

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లున నవ్వారు. అతను నన్ను ఎగతాళి చేయాలని అనలేదు. కానీ పదిమందిలో నవ్వారని నాకు మండింది. “చెప్పింది చెయ్యి,” అన్నాను.

చేశాడు. కిరసనాయిలు పోసి, వైరు బ్రష్షుతో రుద్ది, ప్రతి పలకా కొత్తదానిలా తళతళలాడేలా తోమాడు. ఏ పనైనా సగం చేయడం అతనికి రాదు.

మర్నాడు ఇంజన్‌ని లోడ్ బాక్సుకి కలిపాం. అంటే ఇంజన్ నిలబడ్డచోటే ఉంటుంది, కానీ పెద్ద బండిని లాగుతున్నంత శ్రమ పడుతుంది. ఎనిమిదో నాచ్‌లో పెట్టాం, ఇంజన్ జోరు పెంచే మెట్లలో అదే ఆఖరిది. గొట్టం ఎర్రబడేంత వేడి. శుభ్రమైన పలకలు. వరసగా పెట్టిన బల్బులన్నీ ఒక్కసారి భగ్గున వెలిగాయి. అధికారులు చప్పట్లు కొట్టారు. నేను చెప్పిన అంకెల్లో ఒక్కటీ తప్పు కాదు. ఆ ఇంజన్ యార్డులో ఒక్కరోజు కూడా ఎనిమిదో నాచ్‌లో నడవదన్న సంగతి మాత్రం నేను చెప్పలేదు.

మా పెద్దసారు మంచి మనిషి. మితభాషి. నా రిపోర్టు మీద సంతకం పెట్టేముందు కళ్లజోడు తీసి అడిగారు. “మూర్తీ, ఇందులో నేను తెలుసుకోవాల్సింది ఇంకేమైనా మిగిలిందా?”

“ఏమీ లేదండి,” అన్నాను. అప్పటికి నర్సింగ్ నోట్‌బుక్కు నా టేబుల్ సొరుగులో ఉంది. రిపోర్టుకి జతచేయమని అతనే తెచ్చి ఇచ్చాడు.

పై అధికారులను తిట్టుకోవడం మనకి సరదా. నా అనుభవంలో వాళ్లలో చాలామంది, మనం చెప్పినదాన్ని బట్టే నిర్ణయం తీసుకున్నారు. ఆ రోజు ఆయనకి మసి చూపించి ఉంటే ఆయన తలుపు పెట్టించేవారు. నాకు ఆ నమ్మకం ఉంది.

రిపోర్టులో మసి లేదు కాబట్టి, మంజూరై కొత్తగా చేయించిన గొట్టానికి తలుపు అక్కర్లేదనుకున్నారు. డ్రాయింగు నేనే గీశాను. ఆ నాలుగు బోల్టుల మూత కూడా తీసేసి, చుట్టూ వెల్డింగ్ చేయించాను. చూడ్డానికి నీటుగా వచ్చింది.

ఎంక్వైరీ

మూడు నెలలకి, పట్టపగలు, ఆ గొట్టంలో పేరుకున్న జిడ్డుమసి అంటుకుంది. గొట్టం పైన నిలువెత్తు మంట. డ్రైవరు, అసిస్టెంటు దూకేశారు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. పరికరం మాత్రం కాలిపోయింది.

ఎంక్వైరీలో మొదటి ప్రశ్న, పలకలు తుడవడం ఎవరి బాధ్యత అని. వారానికోసారి విప్పి తుడవమని ఫిట్టర్‌కి నోటితో చెప్పానని రాసిచ్చాను. నిజానికి చెప్పలేదు. విప్పడం అంటే గొట్టం మొత్తాన్ని క్రేన్‌తో ఎత్తి దించాలి. యార్డులో క్రేనే లేదు. అది రాయలేదు.

తర్వాత నర్సింగ్‌ని పిలిచారు. నేను అక్కడే కూర్చుని ఉన్నాను.

“మసి పడుతోందని నీకు తెలుసా?” అని అడిగారు.

“తెలుసు సార్. రోజూ పుస్తకంల రాసిన.”

“ఆ పుస్తకం ఏది?”

“మూర్తి సారు తాన ఉన్నది.”

అందరూ నా వైపు చూశారు. ఆ క్షణం ఇప్పటికీ నాకు ముక్కలు ముక్కలుగా గుర్తుంది. ఫ్యాను తిరుగుతోంది. టేబుల్ మీద గాజుగ్లాసులో నీళ్లు. నేను “నా దగ్గర లేదండి,” అన్నాను.

నర్సింగ్ నన్ను చూశాడు. కోపంగా కాదు, టర్బో చప్పుడు వినేటప్పుడు ఎలా ఉండేవాడో అలా, ఏం చెడిపోయిందో కనిపెడుతున్నట్టు. తర్వాత అధికారులవైపు తిరిగి, “సారు లేదంటున్నరు గదా. లేదనే రాసుకోన్రి,” అన్నాడు.

ఇంజన్ల మీద చెయ్యి వేయకూడదని అతని ఫైల్లో రాసి, నాంపల్లి స్టేషన్‌లో బోగీలకు నీళ్లు పట్టే పైపుల పనికి పంపారు. రిటైరయ్యేదాకా, ఎనిమిదేళ్లు, అక్కడే. చప్పుడు విని ఇంజన్ జబ్బు చెప్పే మనిషి చేతికి రబ్బరు పైపు ఇచ్చారు. ఇచ్చింది వాళ్లు కాదు, నేను.

ఆ ఎనిమిదేళ్లలో నేను ఎన్నోసార్లు నాంపల్లిలో బండెక్కాను. అతను పట్టాల మధ్య నిలబడి పైపు తగిలిస్తూ కనిపిస్తే ప్లాట్‌ఫారం ఆ చివరికి వెళ్లిపోయేవాణ్ణి. ఒకసారి నేను కూర్చున్న బోగీకే నీళ్లు పట్టడానికి వచ్చాడు. కిటికీకి అటువైపు అతను, ఇటువైపు నేను. పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. నీళ్లు నిండే చప్పుడు ఆగేదాకా దించలేదు.

పుస్తకం మా ఇంట్లో ఇనప్పెట్టెలో, పాత సర్టిఫికెట్ల కింద ఉంది. కాల్చేద్దామని రెండుసార్లు తీశాను. ఆ వేలిముద్రలు చూసి మళ్లీ పెట్టేశాను. అందులో నా మంచితనం ఏమీ లేదు. కాల్చడానికీ ధైర్యం కావాలి, తిరిగి ఇవ్వడానికీ ధైర్యం కావాలి. నాకు రెండూ లేకపోయాయి.

ఐదు నిమిషాల తొవ్వ

ఇక్కడిదాకా ఆ మధ్యాహ్నం రాశాను. మిగతాది మూడు నెలల తర్వాత రాస్తున్నాను.

రాయడం ఆపి పెట్టె తెరిచాను. పుస్తకం సంచిలో పెట్టుకుని, సాయంత్రం ఐదింటికి నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలోకి వెళ్లాను. నర్సింగ్ ఇల్లు నాకు తెలుసు. ఎప్పుడూ తెలుసు. తలుపు తీసింది అతని భార్య లక్ష్మమ్మ.

“ఎవరు గావాలె?”

“నర్సింగ్ ఉన్నాడా అమ్మా? నా పేరు మూర్తి. డీజిల్ షెడ్డులో...”

ఆమె నన్ను కిందనుంచి పైదాకా చూసి, లోపలికి తిరిగి కేక వేసింది. “ఏమయ్యో, నీకు నీళ్ల నౌకరి ఇప్పిచ్చిన సారొచ్చిండు!”

నర్సింగ్ వచ్చాడు. బాగా చిక్కాడు, మందం కళ్లద్దాలు. “మూర్తి సారా? రాన్రి, కూసోన్రి. గా కుర్చీ కాలు ఊగుతది, పైలం.”

కూర్చోలేదు. పుస్తకం తీసి అతని చేతిలో పెట్టాను. “ఇది నా దగ్గరే ఉండిపోయింది,” అన్నాను.

“తెలుసు సారు. నేనే గదా మీ చేతికిచ్చింది. ఏడికి పోతది?”

అప్పుడు చెప్పాను. ఎంక్వైరీలో ఏం రాశానో, ఈరోజు పొద్దున గన్‌ఫౌండ్రీలో ఏం చెప్పానో, బోర్డు మీద ఏం రాసి ఉందో. చెబుతున్నంతసేపూ లక్ష్మమ్మ గడప దగ్గర నిలబడే ఉంది.

“టేషన్ నుంచి మా ఇంటికి ఐదు నిమిషాల తొవ్వ సారు. ఇరవై ఏండ్లు పట్టిందా?” అంది.

“జర ఊకోవే,” అన్నాడు నర్సింగ్.

“నేనెందుకు ఊకోవాలె? మా పెద్దోనికి సంబంధం జూడనీకి వచ్చినోళ్లు, ఇంజన్ ఫిట్టర్ అన్నరు, గీయన నీళ్లు పట్టుడేంది అని అడిగిన్రు. ఏం తప్పు చేసిండు అని అడిగిన్రు. ఏం చెప్పాలె నేను? సారు ఇనని.”

నర్సింగ్ పేజీలు తిప్పుతున్నాడు. ఒక మరక దగ్గర ఆగి, తన చూపుడువేలు దాని పక్కన పెట్టి చూసుకున్నాడు. “గప్పుడు ఎంత లావుండె నా వేలు! సూడే,” అని భార్యకి చూపించాడు. ఆమె చూడలేదు.

“నన్ను క్షమించమని అడగడానికి...” అని మొదలుపెట్టాను.

“మాఫీ సంగతి నాకు తెల్వది సారు. కోపం ఉన్నదా అంటే ఉన్నది. ఎంక్వైరీల పెద్దోళ్ల ముంగట భయపడ్డరు, గది సమజైంది. గని కిటికీ కాడ పేపర్ అడ్డం పెట్టుకున్నరు సూడున్రి, గది మస్తు కొట్టింది నన్ను.” తర్వాత అతను కళ్లద్దాలు సర్దుకుని, “గా పోరగాళ్లు పలకలు ఏడ పెడుతున్నరు?” అని అడిగాడు.

“టర్బో దాటాక, గొట్టంలో.”

“సందు ఎంత ఇడిసిపెట్టిన్రు?”

“అడగలేదు.”

“తుడువనీకి తలుపున్నదా?”

“అదీ అడగలేదు.”

“మరి మీరేం చేసొచ్చిన్రు సారు?”

“టీ తాగి వచ్చాను,” అన్నాను.

నర్సింగ్ నవ్వాడు. గడప దగ్గర లక్ష్మమ్మ కూడా, ఆపుకోలేక. “రేపు నన్ను గాడికి తీస్కపోన్రి,” అన్నాడు.

బోర్డు మీద

మర్నాడు ఇద్దరం గన్‌ఫౌండ్రీలో ఆ మూడంతస్తులూ ఎక్కాం. ప్రతి మలుపులోనూ ఆయన ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. బోర్డు మీద ఎర్ర అక్షరాలు అలాగే ఉన్నాయి. నేను కూర్చోకుండా, నలుగురి ముందు, మొత్తం చెప్పాను. శ్రావణి డస్టర్ తెచ్చి నా చేతికిచ్చింది.

ఆ వాక్యం చెరిపేసి ఇలా రాశాను: పరికరానికి తుడిచే తలుపు లేదు. తలుపు కావాలన్న ఫిట్టర్ నర్సింగ్ మాటను, ఆయన రాసిన పుస్తకాన్ని మూర్తి దాచాడు.

“సార్, రెండో వాక్యం డిజైన్ నోట్‌లో అవసరమా?” అంది శ్రావణి మెల్లిగా.

“అవసరం. తలుపు ఎందుకు లేదో తెలియాలంటే అదే కావాలి.”

నర్సింగ్ సెన్సార్ కుర్రాడి వైపు తిరిగాడు. “బాబూ, మెసేజ్ పంపే కతర్నాక్ మిషిన్ నీదేనా? మంచిగనే ఉన్నది. గని తుడువనీకి చెయ్యి పోయే జాగ లేకుంటే మెసేజ్ ఎవనికి పంపిస్తవ్?” కుర్రాడు సిగ్గుపడి, డ్రాయింగు తెచ్చి ఆయన ముందు పరిచాడు. మధ్యాహ్నం రెండింటిదాకా ఎవరికీ ఆకలి గుర్తురాలేదు. మొదటి టెస్టు ఎనిమిదో నాచ్‌లో కాదని, రోజంతా నిలబడే ఇంజన్ మీదేనని, మూడు వారాలు తుడవకుండా వదిలేయాలని తేలింది.

అదే వారం నా స్టేట్‌మెంట్ అబద్ధమని ఒప్పుకుంటూ, పుస్తకం నకలు జతచేసి, రైల్వే ఆఫీసులో ఇచ్చాను. గుమాస్తా చదివి, “ఇద్దరూ రిటైరైపోయారు కదండీ, ఇప్పుడిదెందుకు?” అన్నాడు. “ఆయన ఫైల్లో నేను పెట్టిన కాగితం ఒకటుంది. దాని పక్కన ఇది పెట్టండి,” అన్నాను. ముద్ర వేసి తీసుకున్నాడు. జవాబు ఇంకా రాలేదు, వస్తుందో రాదో తెలియదు. ఒక ప్రతి నర్సింగ్ ఇంట్లో ఇచ్చాను. లక్ష్మమ్మ దాన్ని పెద్దకొడుకు చేత పైకి చదివించుకుంది. రెండుసార్లు.

బుధవారాలు

వికారాబాద్ దాటాక ఒక ఫ్యాక్టరీకి చెందిన సైడింగు పట్టాల మీద వ్యాగన్లు సర్దే పాత డీజిల్ ఇంజన్ మీద శ్రావణి వాళ్లు పరికరం బిగించారు. పక్కన చెయ్యి పట్టేంత తలుపుంది. ప్రతి బుధవారం నర్సింగ్, నేను నాంపల్లిలో బండెక్కి వెళ్తున్నాం. ఎక్కేముందు ఆయన పట్టాల మధ్యకి తొంగిచూసి, “గా నీళ్లపైపు వాల్వు నా కాలంలనే లీకు. ఇంకా లీకే,” అంటాడు. నేను కిటికీ పక్కన కూర్చుంటాను. పేపరు కొనడం మానేశాను.

నిన్న మూడో బుధవారం. మేం వెళ్లేసరికి ఫ్యాక్టరీ మేనేజరు గబగబా ఎదురొచ్చాడు. “రేపు మా పెద్దాయన చూడ్డానికి వస్తున్నారండి. ఆ పలకలు కాస్త శుభ్రం చేయిస్తే బాగుంటుంది.”

నర్సింగ్ ఇంజన్ వైపు చూస్తూ నిలబడ్డాడు. చెప్పాల్సింది నేనని నాకు తెలుసు.

“వద్దండి. ఆయన చూడాల్సింది ఆ మసినే,” అన్నాను. “అడిగితే నన్ను పిలవండి. రేపు కూడా వస్తాను.”

మేనేజరు కొంచెం గొణిగి వెళ్లిపోయాడు. నర్సింగ్ తలుపు తీశాడు. కరెంటు బాగా పడిపోయింది, కానీ పెద్దగా వదిలిన కొత్త సందులు పూడుకుపోలేదు. రీడింగులు ఆయన చదివాడు, నేను రాశాను. పాత పుస్తకంలోనే, ఇరవై ఏళ్ల కిందట ఆయన ఆపిన పేజీ తర్వాతి పేజీల్లో రాస్తున్నాం.

చివర మరక వేసే చోటికి వచ్చాం. ఎప్పటిలా ఆయన వేలు పెడతాడని పుస్తకం పట్టుకుని నిలబడ్డాను.

“నా వేలు గన్ని పేజీలల్ల ఉన్నది. గిప్పుడు మీది పెట్టున్రి సారు,” అన్నాడు.

ఉద్యోగంలో అన్నేళ్లు ఉండి, ఆ గొట్టంలో నేనెప్పుడూ చెయ్యి పెట్టలేదు. పెట్టాను. ఇంకా గోరువెచ్చగా ఉంది. వేలు తీసి కాగితం మీద అద్దాను. నల్లగా, జిడ్డుగా పడింది. దాని కింద తేదీ వేసి, కొలిచింది నర్సింగ్, రాసింది మూర్తి అని పెట్టి, పుస్తకం ఆయన చేతికిచ్చాను.